సూరత్ రేవులో ఆగిన పాదచారి

సూరత్ నగరంలోని ఖటోదరా పారిశ్రామిక వాడలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినబడితే ఎవరూ తల త్రిప్పి చూడరు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని బయలుదేరిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరానికి చేరి తరాలు గడిచినవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడ నడుపుతున్నది. స్వగ్రామం వెళ్ళి తిరిగివచ్చే కుటుంబం సంచిలో, బట్టల మధ్య భద్రంగా, ఒక జాడీ ఉంటుంది. అందులో మామిడికాయ తొక్కు. సంక్రాంతి వెళ్ళిన తరువాత అయితే సకినాల డబ్బా కూడ తోడు వస్తుంది. ఈ విషయంలో గుజరాతీలు తెలుగువారికి ఏమాత్రం తీసిపోరు. మిత్రులు నలుగురు కలిసి వీపున సంచులు తగిలించుకొని యూరప్ చూడబోయినా ఆ సంచులలో థెప్లాలు, ఖాఖరాలు ఉండవలసినదే. పారిస్ వీధిలో కూర్చుండి మెంతికూర రొట్టె తినడంలో ఒక ధైర్యం ఉన్నది. దారి తప్పినా, రైలు తప్పినా, ఆకలి మాత్రం తప్పు దారి పట్టదు.

అయితే ఇంటి రుచి ఎప్పుడూ రక్షకుడే కాదు. ఇదే సూరత్‌లో, నాలుగు వందల ఏళ్ళకు పూర్వం, ఇంటి నుండి ఓడలో వచ్చిన రుచి ఒక మహాయాత్రికుని ప్రాణం తీసింది. ఆయన యూరప్‌ను కాలినడకన చుట్టినవాడు. జెరూసలేము నుండి అజ్మీరు వరకు నడిచినవాడు. దారిలో దొరికినదానితో కడుపు నింపుకొని పదిహేను నెలలు చెక్కుచెదరనివాడు. పేరు థామస్ కోర్యాట్. ఆంగ్ల సాహిత్య చరిత్రలో ఆయనకు దక్కినది అరపేజీ. అది కూడ ఇతరులు ఆయనను చూసి నవ్విన నవ్వుల పుణ్యం.

సుమారు 1577లో పుట్టిన కోర్యాట్ ఇంగ్లండులోని సోమర్‌సెట్ మండలంలో, ఓడ్‌కంబ్ అనే చిన్న గ్రామంలో పెరిగాడు. తండ్రి అక్కడి చర్చి పురోహితుడు. ఆక్స్‌ఫర్డులో చదివాడు గాని పట్టం పుచ్చుకోలేదు. గ్రీకు, లాటిన్ భాషలు మాత్రం గట్టిగా వచ్చినవి. తరువాత యువరాజు హెన్రీ కొలువులో చేరాడు. అక్కడ ఆయన ఉద్యోగం ఇదీ అని చెప్పడం కష్టం. పేరుకు విదూషకుడు కాడు, పనికి మాత్రం అదే. పెద్దలు భోజనానంతరం ఆయనను ఏదో ఒకటి అని ఉడికించేవారు, ఆయన ఉడికి, పొంగి, ఏదో ఒకటి అనేవాడు, సభ నవ్వేది. తనను చూసి నవ్వుతున్నారని ఎరిగి కూడ ఆ సభ విడువలేని దౌర్బల్యం ఆయనది. ఆయన నడక అంతటికీ మూలం ఆ దౌర్బల్యమేనని అనిపిస్తుంది. నవ్వేవారి నోళ్ళు మూయించే పని ఏదైనా చేయాలి. ఎవరూ చేయనిది చేయాలి.

1608 మే 14వ తేదీన డోవరు రేవులో ఓడ ఎక్కాడు. అక్టోబరు 3న లండనుకు తిరిగివచ్చాడు. ఆ నడుమ అయిదు నెలలలో ఫ్రాన్సు, సవాయ్, ఇటలీ, స్విట్జర్లండు, జర్మనీ, హాలండు దేశాలు చూశాడు. ఆయన లెక్క ప్రకారం మొత్తం 1,975 మైళ్ళు, 45 పట్టణాలు. ఆ కాలంలో విదేశయానం చేసే ఆంగ్లేయుడు గుఱ్ఱం మీదనో బండిలోనో, సేవకులను వెంటబెట్టుకొని, పరిచయ పత్రాలు జేబులో ఉంచుకొని వెళ్ళేవాడు. కోర్యాట్ అందులో చాల దూరం నడిచాడు.

ఆయన పడిన పాట్లకు లెక్క లేదు. వాటిని దాచుకోకపోవడం ఆయన గొప్ప. ఇంగ్లీషు కాలువ దాటేటప్పుడే ఓడ పక్కకు వంగి కడుపులోనిదంతా సముద్రానికి సమర్పించిన సంగతి గ్రంథారంభంలోనే చెప్పుకొన్నాడు. దానిని ముఖచిత్రంలో బొమ్మగా కూడ వేయించారు. సవాయ్ ప్రాంతపు కొండ ఎక్కలేక, మనుష్యులను కుర్చీలలో మోసి పొట్ట పోసికొనే బీదవారికి కొద్ది డబ్బిచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పాదచారికి అది నామోషీ. అయినా వ్రాశాడు. క్రెమోనాలో వేపిన కప్పలు తిన్నాడు. బెర్గమో చేరిన నాటికి అక్కడ పెద్ద సంత జరుగుతున్నది. సత్రాలన్నీ నిండి ఉన్నవి. తుదకు ఒక అశ్వశాలలో గుఱ్ఱాల కాళ్ళ దగ్గర గడ్డి మీద నిద్రించాడు. జర్మనీలో ఒక ద్రాక్షతోట ప్రక్కగా పోతూ నాలుగు పండ్లు కోసుకొన్నాడు. తోటవాడు వచ్చి టోపీ లాగికొన్నాడు. వాని భాష ఈయనకు రాదు, ఈయన లాటిన్ వానికి అక్కరలేదు. దారిన పోయేవారు కల్పించుకొన్న తరువాత కొద్దిపాటి సొమ్ము చెల్లించి టోపీ విడిపించుకొన్నాడు.

బాడెన్ దారిలో జరిగినది మరీ చిత్రం. నిర్జన ప్రదేశంలో ఎదురుగా ఇద్దరు మోటు మనుషులు వస్తున్నారు. దొంగలేమోనని గుండె జారింది. పరుగెత్తి లాభం లేదు, పోరాడి అంతకన్నా లాభం లేదు. వెంటనే టోపీ తీసి చేతబట్టి, దీనంగా ముఖం పెట్టి, సైగలతో బిచ్చమడిగాడు. వారు జాలిపడి కొన్ని నాణేలు వేశారు. ఆ రాత్రి బాడెన్‌లో ఆయన భోజనం ఖర్చులో సగం ఆ బిచ్చంతోనే తీరిపోయింది. దోపిడికి వెరచినవాడు లాభంతో బయటపడ్డాడు.

వెనిస్‌లో ఆరు వారాలున్నాడు. ఆ నగరం ఆయనను వెఱ్ఱివానిని చేసింది. అక్కడి యూదుల పేటకు వెళ్ళి ఒక యూద పండితునితో మతచర్చకు దిగాడు. చర్చ అంటే పరదేశి ఒకరింటి ముంగిట నిలిచి వారి మతం తప్పని చెప్పడమే. చుట్టూ నలభై యాభై మంది మూగారు. కోర్యాట్ వంతెన వైపు జరగడం మొదలుపెట్టాడు. సరిగా ఆ సమయానికి ఆంగ్ల రాయబారి సర్ హెన్రీ వాటన్ పడవ ఆ వంతెన క్రిందుగా పోతున్నది. ఆయన తన కార్యదర్శిని పైకి పంపి ఈ మహానుభావుణ్ణి బయటకు తెచ్చుకొన్నాడు. ఈ వాదప్రియత్వం కోర్యాట్‌ను చివరి దాకా విడువలేదు.

ఆ యాత్ర నుండి ఆయన తెచ్చిన వస్తువులలో ఫోర్కు ఒకటి. ఇటలీలో మాంసాన్ని చేత్తో ముట్టక ఫోర్కుతో పట్టి కోస్తారని చూసి ముచ్చటపడి, ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ అలవాటు కొనసాగించాడు. ఇంగ్లండులో అప్పటికి భోజనాల బల్ల దగ్గర ఫోర్కు వాడకం లేదు. లారెన్స్ విటేకర్ అనే మిత్రుడు ఆయనకు ‘ఫూర్కిఫర్’ అని బిరుదిచ్చాడు. లాటిన్‌లో ఆ మాటకు ఫోర్కు ధరించినవాడనీ, పరమ దుర్మార్గుడనీ రెండర్థాలు. ఇటలీలో ఎండకు పట్టే గొడుగులను వర్ణించిన తొలి ఆంగ్లేయులలో కూడ ఆయన ఒకడు. ఇక జోళ్ళ సంగతి. వెనిస్ నుండి తొమ్మిది వందల మైళ్ళు ఒకే జోడుతో నడిచాడు. నడుమ ఒక్కసారి, జూరిక్‌లో, బాగు చేయించాడు. ఊరు చేరిన తరువాత ఆ జోళ్ళను ఓడ్‌కంబ్ చర్చిలో వ్రేలాడదీయించాడు. ఇతరులు యుద్ధంలో గెలిచిన ధ్వజాలు కట్టే చోట తన జోళ్ళు కట్టించాడు.

గ్రంథం 1611లో అచ్చయింది. ‘కోర్యాట్స్ క్రూడిటీస్’ అని పేరు. పచ్చివి, అరగనివి అని అర్థం. అయిదు నెలల ప్రయాణంలో ఆత్రంగా మ్రింగినవి కనుక అరగలేదని ఆయన చమత్కారం. కొత్త రచయిత గ్రంథానికి పెద్దలు ప్రశంసా పద్యాలు వ్రాయడం ఆనాటి మర్యాద. కోర్యాట్ అందరినీ అడిగాడు. బెన్ జాన్సన్, జాన్ డన్, ఇనిగో జోన్స్ మొదలైన ప్రముఖులు వ్రాశారు. ప్రశంసలు కావు, వెక్కిరింతలు. కొన్నిటినైనా తీసివేద్దామని కోర్యాట్ అనుకొన్నాడు గాని, ఒక్కటి విడిచినా ఒప్పుకొనేది లేదని యువరాజు ఆజ్ఞ. తనను వెక్కిరించే పద్యాలను తానే అచ్చు వేయించుకొని గ్రంథం ముందు పెట్టుకొన్న రచయిత లోకంలో మరొకడు ఉన్నాడో లేదో!

1612 అక్టోబరులో రెండవసారి బయలుదేరాడు. ఈ మారు తూర్పునకు. గ్రీకు ద్వీపాలు, ట్రాయ్ శిథిలాలు, కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేము. అక్కడ యాత్రికుల వాడుక ప్రకారం ముంజేతులపై శిలువ గుర్తులు పచ్చబొట్టు పొడిపించుకొన్నాడు. వాటిని జీవితాంతం గర్వంగా చూపేవాడు. 1614 శరత్కాలంలో అలెప్పో విడిచి యూఫ్రటీసు, టైగ్రిసు నదులు దాటి తబ్రీజు, ఇస్ఫహాను మీదుగా నడిచాడు. మెసపొటేమియాలోని ఒక పట్టణంలో తురుష్క సైనికుడొకడు ఆయన దగ్గరి సొమ్ము దాదాపు అంతా దోచుకొన్నాడు. కొంత దాచిన చోట మిగిలింది. ఇస్ఫహానులో రెండు నెలలు బిడారు కోసం వేచి ఉన్నాడు. దొరికిన బిడారు సామాన్యమైనది కాదు. రెండు వేల ఒంటెలు, పదిహేను వందల గుఱ్ఱాలు, వెయ్యికి పైగా కంచర గాడిదలు, ఎనిమిది వందల గాడిదలు, ఆరు వేల జనం అని ఆయనే లెక్క వ్రాశాడు. నడిచే పట్టణం అది. అందులో కూడ ఆయన నడుస్తూనే ఉన్నాడు. హిందూదేశపు సరిహద్దు సమీపంలో పర్షియా షా పక్షాన రాయబారిగా పనిచేసే సర్ రాబర్ట్ షెర్లీ ఎదురుపడ్డాడు. ఆయన దగ్గర కోర్యాట్ గ్రంథం ఉన్నది! ఎడారి దారిలో తన పుస్తకం తనకు కనబడినప్పుడు ఆ పాదచారి పడిన సంబరం వేరే వర్ణించనక్కరలేదు.

కాందహారు, ముల్తాను, లాహోరు, ఢిల్లీ, ఆగ్రాలు గడిచి 1615 జూలైలో అజ్మీరు చేరాడు. జహంగీరు చక్రవర్తి కొలువు అప్పుడు అక్కడ ఉన్నది. జెరూసలేము నుండి 2,700 మైళ్ళు. అలెప్పో నుండి అజ్మీరు వరకు పది నెలలకు ఆయనకు అయిన ఖర్చు మూడు పౌన్లు! అందులో పది షిల్లింగులు దారిలో కొందరు సాటి క్రైస్తవులే మోసగించి కాజేసినవి. చాల చోట్ల రోజుకు ఒక్క పెన్నీతో తృప్తిగా తిన్నానని ఆయన వ్రాశాడు. ఏ ఊరి రొట్టె ఆ ఊరిలో తిన్నాడు, ఏ దేశపు దుస్తులు ఆ దేశంలో ధరించాడు, ఏ జనం భాష ఆ జనం వద్ద నేర్చాడు. తురుష్కం, అరబీ, ఫారసీ, హిందుస్తానీ నాలుగూ పట్టుబడినవి.

పదిహేను నెలల యాత్ర అనగానే తెలుగు పాఠకులకు ఏనుగుల వీరాస్వామి గుర్తుకు రాక మానడు. ఆయన 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. ఆయన కూడ బహుభాషావేత్తయే, సుప్రీం కోర్టులో దుబాసీ. ఆయన కూడ మిత్రునికి ఉత్తరాలుగానే యాత్ర కథ వ్రాశాడు. కాని ఆయన వెంట సుమారు నూరు మంది ఉన్నారు. పల్లకి ఉన్నది, డేరాలు ఉన్నవి. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊరిలో ఏ సామాను దొరుకుతుంది అని ఆయన ఓపికగా వ్రాసిపెట్టాడు. వీరాస్వామి ఇంటిని వెంట నడిపించుకొని వెళ్ళాడు. కోర్యాట్‌కు వెంట నడిపించుకొనేందుకు ఇల్లే లేదు. ఉన్నదల్లా లండనులోని మిత్రుల నవ్వు.

ఆ నవ్వు కోసమే అజ్మీరు నుండి ఉత్తరాలు వ్రాశాడు. లండనులో బ్రెడ్ వీధిలోని మెర్‌మెయిడ్ పానశాలలో ప్రతి నెలా మొదటి శుక్రవారం ఒక మిత్రబృందం కలిసేది. వారికి ఆయన పంపిన లేఖలు 1616లో అచ్చయినవి. ఏనుగు ఎక్కానని, తదుపరి గ్రంథంలో ఏనుగు మీద కూర్చున్నట్లు తన బొమ్మ వేయిస్తానని అందులో ఉత్సాహంగా చెప్పాడు. గ్రంథం వరకు ఆగడం ఎందుకని అచ్చువారు ఆ లేఖలకే ఏనుగు బొమ్మ వేసివేశారు.

అజ్మీరులో ఈస్టిండియా కంపెనీ వర్తకులు ఆయనకు బస, భోజనం ఉచితంగా ఇచ్చారు. 1615 చివర ఇంగ్లండు రాజు రాయబారిగా సర్ థామస్ రో వచ్చాడు. రో తన దేశాన్ని వెంట తెచ్చుకొన్నాడు. ఆయన ఇంట బల్లలు, కుర్చీలు ఉన్నవి. భోజనం వెండి పళ్ళాలలో. వంటకు ఒక ఆంగ్లేయుడు, ఒక హిందూదేశీయుడు. పరివారమంతా ఎండలో కూడ ఆంగ్ల వేషమే ధరించేది, కాకపోతే పలుచని బట్టతో కుట్టించుకొనేవారు. ఈ వివరాలన్నీ రో వద్ద పురోహితుడుగా ఉండిన ఎడ్వర్డ్ టెర్రీ తరువాత గ్రంథస్థం చేశాడు. కోర్యాట్ చివరి రోజులు లోకానికి తెలియడానికి కూడ ఆ టెర్రీయే కారణం. కొంతకాలం ఇద్దరూ ఒకే డేరాలో, ఒకే గదిలో ఉన్నారు.

ఒకనాడు కోర్యాట్ రాయబారికి చెప్పకుండ చక్రవర్తి గవాక్షం క్రింద నిలిచి ఫారసీలో ఉపన్యాసమిచ్చాడు. జహంగీరు విని నూరు వెండి నాణేలు, నాలుగు చెరగులు కట్టిన దుప్పటిలోకి పై నుండి జారవిడిచాడు. అప్పటికి కోర్యాట్ దగ్గర మిగిలినది ఇరవై షిల్లింగులు మాత్రమే. రో మండిపడ్డాడు. రాజప్రతినిధి ఉండగా దేశీయుడొకడు చేయి చాపడం పరువు తక్కువ అన్నాడు. కోర్యాట్ గట్టిగానే సమాధానం చెప్పాడు. నిజానికి ఇరువురిలో ఆ కొలువు భాష వచ్చినవాడు కోర్యాట్. రో ప్రతి మాటకూ దుబాసీ మీద ఆధారపడవలసిన వాడు.

భాషాజ్ఞానానికి మరో పరీక్ష రాయబారి ఇంటి చాకలి స్త్రీ పెట్టింది. ఆమె నోటికి జడిసి ఇంటిల్లిపాదీ దాగేవారు. ప్రొద్దు పొడిచింది మొదలు ప్రొద్దు క్రుంకే వరకు తిట్లే. ఒక ఉదయం కోర్యాట్ ఆమెను ఆమె హిందుస్తానీలోనే ఎదుర్కొన్నాడు. ఎనిమిది గంటలయ్యేసరికి ఆమె వద్ద తిట్లు అయిపోయినవి. కాని ఈ నోరే ఆగ్రాలో ఆయనను ప్రమాదంలోకి నెట్టింది. మసీదులో నమాజు పిలుపు వినిపించగా ఈయన ఎదుటి మిద్దె ఎక్కి తన మతవాక్యాన్ని అంత గొంతుతోనూ కేక వేశాడు. మరొక దేశంలో అయితే ప్రాణం దక్కేది కాదనీ, మొగలు రాజ్యంలో ఎవరి మతం వారిది గనుక బ్రతికాడనీ టెర్రీ అభిప్రాయం. వెనిస్‌లో వలె ఇక్కడ వంతెన క్రిందుగా పడవ రానవసరం లేకపోయింది.

1617లో కొలువు మాళవంలోని మాండూ కోటకు కదిలింది. కోర్యాట్ అక్కడకు చేరి రో, టెర్రీల వద్ద బస చేశాడు. దేహం అప్పటికే సడలింది. అయితే ఆయనను క్రుంగదీసినవి దారిలోని కష్టాలు కావు. ఇంటి నుండి వచ్చిన రెండు మాటలు.

మొదటిది రాజుగారి మాట. రిచర్డ్ స్టీల్ అనే వర్తకుడు కోర్యాట్‌ను తూర్పుదారిలో కలిసికొని, స్వదేశం వెళ్ళి, ఆ సంగతి రాజు జేమ్సుకు విన్నవించాడు. ఆ మూర్ఖుడు ఇంకా బ్రతికే ఉన్నాడా అని రాజు అడిగాడట. స్టీల్ తిరిగివచ్చి ఆ మాట యథాతథంగా చేరవేశాడు. కోర్యాట్ ముఖం వాడిపోయింది. బీదవారిని గూర్చి రాజులు తమకు తోచినది అంటారు అని మాత్రం అన్నాడు. నాలుగు భాషలు, వేల మైళ్ళు, రెండు చేతుల మీద జెరూసలేము ముద్రలు. ఇన్నింటి తరువాత కూడ కొలువులో ఆయన స్థానం భోజనానంతరపు నవ్వే.

రెండవది రో వ్రాసిన ఉత్తరం. తిరుగు ప్రయాణంలో అలెప్పోలోని ఆంగ్ల ప్రతినిధి ఈయనకు పది పౌన్లు ఇవ్వవలసిందిగా రో సహృదయంతోనే సిఫారసు వ్రాశాడు. అందులో ఇతడు నిజాయితీ గల ఒక నిర్భాగ్యుడు అనే అర్థం వచ్చే మాట పడింది. పది పౌన్లు ఎంతో అక్కరగా ఉన్న మనిషి ఆ మాట చదివి, సొమ్ము సంగతి మరచి, బాధపడ్డాడు. రో ఆ వాక్యం మార్చి వ్రాసే వరకు ఆయనకు శాంతి లేదు. ఆకలి ఓర్చుకొన్నవాడు, దోపిడి ఓర్చుకొన్నవాడు, ఆ ఒక్క విశేషణం ఓర్చుకోలేకపోయాడు.

ఒకనాడు మాండూలో అందరితో మాట్లాడుతూ రాతి స్తంభానికి ఆనుకొని నిలిచి ఉండగానే స్పృహ తప్పి పడిపోయాడు. చాల సేపటికి తేరుకొన్నాడు. ఏమయిందని అడిగితే, తాను దారిలోనే మరణిస్తే ఇంత ప్రయాణం చేసినట్లు ఎవరికీ తెలియకుండ పోతుందేమోనన్న చింత మనసును కమ్మివేసిందని చెప్పాడు. మృత్యువు కంటే మరపునకు ఎక్కువ వెరచినవాడు. టెర్రీ ఓదార్చాడు.

వద్దని చెప్పినా వినక ఆ జబ్బు దేహంతోనే మాండూ నుండి సూరత్‌కు బయలుదేరాడు. దాదాపు మూడు వందల మైళ్ళు. 1617 చివరి నెలలు. సూరత్ అప్పటికి మొగలు సామ్రాజ్యపు ముఖ్య రేవు. తపతీ ముఖద్వారం దగ్గరి సువాలీ లంగరుతావులో ఇంగ్లండు ఓడలు ఆగేవి. సరుకు నగరంలోని కంపెనీ కోఠీకి చేరేది. కోర్యాట్‌కు అప్పటికే అతిసారం పట్టుకొన్నది. కోఠీలోని దేశీయులు ఆయనను చూసి సంతోషించారు, ఆదరించారు. ఓడల్లో ఇంగ్లండు నుండి శాక్ వచ్చింది. శాక్ అంటే స్పెయిను దేశపు ద్రాక్షమద్యం, నేటి షెర్రీకి పూర్వరూపం. లండను పానశాలలలో ఎల్లవేళలా పొర్లిన పానీయం అదే. మెర్‌మెయిడ్‌లో మిత్రుల చేతుల్లో ఉండినది అదే. ఆ పేరు చెవిని పడగానే కోర్యాట్ శాక్ నిజంగా ఉన్నదా అని ఆత్రంగా అడిగి పోయించుకొన్నాడట. స్వతహాగా త్రాగుబోతు కాడు. మితంగానే పుచ్చుకొన్నాడని టెర్రీ సాక్ష్యం. అయినా అతిసారం ముదిరింది. కొద్ది రోజులలోనే, 1617 డిసెంబరులో, కన్ను మూశాడు. వయసు నలభై.

ఆ రోజు ఆయన ఒంటికి కావలసినది ఏమిటో ఆ కోఠీలో ఎవరికీ తెలియదు. తెలియనందుకు వారిని తప్పు పట్టనక్కరలేదు. వైద్యశాస్త్రం ఆ సంగతి తేల్చుకోవడానికి మరో మూడున్నర శతాబ్దాలు పట్టింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, సిరకు ఎక్కించే ద్రవం అయిపోగా, డాక్టరు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని నోటి ద్వారానే ఇప్పించాడు. ముప్పై శాతం ప్రాంతంలో ఉండిన మరణాలు నాలుగు శాతం లోపునకు దిగినవి. విరేచనాలతో నీరు కోల్పోయే దేహానికి నీరు, ఉప్పు తిరిగి అందడమే ప్రాణం. మద్యం ఆ పని చేయదు. ఉన్న నీటిని కూడ బయటకు పంపుతుంది. కోఠీ గోడ అవతల, సూరత్‌లోని ఏ బీద ఇంటిలోనో, ఉప్పు వేసిన గంజి పొయ్యి మీద ఉండియే ఉంటుంది. దారి పొడుగునా అటువంటి ఇళ్ళ తిండి తిని బ్రతికినవాడు, చివరి మజిలీలో స్వదేశం చేతికి దొరికాడు.

సువాలీకి సమీపంలో ఆయనను పాతిపెట్టారు. సమాధి చర్చి ఆవరణలలో ఉండే చిన్న గోరీ వంటిదని టెర్రీ వ్రాశాడు. ఈనాడు ఖటోదరా నుండి తపతి దాటి హజీరా వైపు, కర్మాగారాల గొట్టాల నడుమగా వెళితే, సువాలీ ప్రాంతంలోని రాజ్‌గరీ వద్ద కోర్యాట్ సమాధి అని చెప్పుకొనే గుమ్మటం ఒకటి కనబడుతుంది. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నది. చిన్న గోరీ ఎక్కడ, గుమ్మటం ఎక్కడ! అది నిజంగా ఆయనదే అని నిర్ధారించే శాసనం లేదు. సముద్రం మీదికి చూస్తూ నిలిచిన ఆ కట్టడానికి ఒక పేరు కావలసి ఉండినది, ఆ పేరుకు ఒక కట్టడం కావలసి ఉండినది. రెండూ ఒకదానికొకటి దొరికినవి.

మాండూలో స్పృహ తప్పించిన భయం చాల వరకు నిజమయింది. రెండవ యాత్రలో ఆయన వ్రాసిపెట్టుకొన్న కాగితాలలో అధికభాగం నశించినవి. కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేము దాకా గల వ్రాతలలో కొన్ని తునకలను 1625లో శామ్యూల్ పర్చస్ తన యాత్రాసంకలనంలో, తనకు తోచినట్లు కత్తిరించి, అచ్చు వేశాడు. ఇస్ఫహాను ఎలా ఉండినదో, లాహోరు ఆగ్రాల నడుమ చెట్ల బాటలో ఏమేమి చూశాడో, హరిద్వారంలో స్నానఘట్టాల ప్రక్క ఏమి విన్నాడో ఆయన చేతివ్రాతలో చదివే భాగ్యం ఎవరికీ లేదు. మిగిలినవి నాలుగైదు లేఖలు, ఏనుగు బొమ్మ, టెర్రీ జ్ఞాపకాలు. అవి కాక ఓడ్‌కంబ్ చర్చిలో ఆ జోళ్ళు. జూరిక్‌లో ఒకసారి బాగు చేయించిన ఆ జత, యజమాని సూరత్ ఇసుకలో పడుకొన్న తరువాత ఎనభై ఏళ్ళకు పైగా, పద్దెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళ దాకా, ఆ గోడకు వ్రేలాడుతూనే ఉండినవి.